స్వామి తలమీద ఊయలబల్ల

సీతంపాలెం అనే చిన్న మునిసిపాలిటీలో గవరయ్య అనే బెల్లం వ్యాపారి ఉండేవాడు. ఊరిదేదైనా తనకు రావాలి, తనదేదీ ఊరికి పోకూడదు అనేది అతని సిద్ధాంతం. వీధిదీపం వెలుగు తన వాకిట్లో పడితే అది హక్కు. ఆ దీపానికి తనూ కాస్త ఇవ్వాలంటే అది దోపిడీ. ఇంటిముందు కాలువ పూడిందంటే చాలు, తిట్టిన తిట్టు తిట్టకుండా మునిసిపాలిటీని తిట్టేవాడు. ఇంటిపన్నుకు ఎవరైనా వచ్చారంటే మాత్రం, ఇంట్లో కూర్చుని ఉండి కూడా ఊళ్ళో ఉండేవాడు కాదు.

అతనికి నది వైపు వీధిలో ఒక మేడ ఉండేది. కింద పెద్ద హాలు, దాని వెనక వంటిల్లు, పెరట్లో బెల్లం దిమ్మలు నిలవచేసే రేకుల కొట్టు. మేడమీద, సరిగ్గా హాలు నెత్తిన, ఒకే ఒక పొడుగాటి గది. ఆ గదిలో ఇత్తడి గొలుసులకు వేలాడే టేకు ఊయలబల్ల. ఈ లోకంలో గవరయ్య మనసారా ప్రేమించినది ఆ బల్లనే. మధ్యాహ్నం భోంచేసి, అందులోనూ ఆదివారమైతే నాటుకోడి పులుసుతో భోంచేసి, నది గాలికి ఆ బల్లమీద ఊగుతూ ఒక కునుకు తీస్తే తప్ప అతనికి తిన్నది ఒంటబట్టేది కాదు. ఊగినప్పుడల్లా గొలుసు కిర్రుమనేది. కాస్త నూనె వెయ్యమని భార్య నూకరత్నం పోరేది. ఆ చప్పుడు లేకపోతే తనకు నిద్ర పట్టదని అతను అనేవాడు. నూనె డబ్బా ఖరీదు తలుచుకుంటే నిద్ర పట్టదన్నది అసలు సంగతి.

మేడ నెత్తిన ఇనపచువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని ఉండేవి. వాటిని కోయించకపోవడంలో ఒక తెలివి ఉంది. పన్నువాళ్ళు దొరకబుచ్చుకున్నప్పుడు పైకి చూపించి, ఇల్లింకా కట్టుబడిలోనే ఉంది బాబూ, పూర్తికాని ఇంటికి పన్నేమిటి అనేవాడు. ఆ చువ్వలమీద పుట్టిన కాకులు పెద్దవై, వాటి పిల్లలు పిల్లల్ని పెట్టినా ఇల్లు పూర్తి కాలేదు.

అలాంటి ఊరికి సులోచన మేరీ అనే కొత్త రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మాట. ఆవిడ వీధిలో నిలబడి చువ్వలను చూసింది. తరవాత తెరిచిన కిటికీలోంచి మేడగదిని చూసింది. పూర్తికాని ఇంట్లో ఇత్తడి గొలుసుల ఊయల ఊగడం తాను ఎక్కడా చూడలేదని చెప్పి, పన్ను రాసేసి వెళ్ళిపోయింది.

గవరయ్యకు ఆ రోజు అన్నం సయించలేదు. వీధి చివర ఖాదరు టీకొట్టుకు వెళ్ళి కూర్చుని, ఈ ఊళ్ళో పన్ను లేకుండా బతికే అదృష్టవంతుడే లేడా అని వాపోయాడు. ఉన్నారన్నాడు ఖాదరు. రామాలయానికి లేదు, తమ మసీదుకు లేదు, రైలుగేటు దగ్గరి చర్చికీ లేదు.

గవరయ్య గ్లాసు కింద పెట్టేశాడు. "అంటే దేవుడుంటే పన్నుండదా?"

"ఉండదు షావుకారు గారూ. కానీ మసీదులో నేను మంచం వేసుకుని పడుకోలేను కదా," అన్నాడు ఖాదరు.

మొదటి ముక్క గవరయ్య చెవిలో పడింది. రెండోది పడలేదు.

ఇంటికొచ్చి ఆలోచన చెప్పగానే నూకరత్నం చేతిలోని చేట పక్కన పెట్టింది. "దేవుణ్ణి పనిలోకి పెట్టుకుంటారా? పెట్టుకుంటే ఆయన జీతం అడుగుతాడు. మీరు ఇచ్చుకోలేరు," అంది. అతను వినకపోయేసరికి, అంతగా పెట్టాలనుకుంటే అమ్మవారిని పెట్టమని, ఆవిడైతే కనీసం కోడిని కాదనదని సలహా ఇచ్చింది. కానీ అమ్మవారి విగ్రహం చౌకగా దొరకలేదు. రాళ్ళు చెక్కేవాళ్ళ దగ్గర ఏదో ఊరివాళ్ళు ఇంకా ఎత్తైనది కావాలని వదిలేసిపోయిన ఆంజనేయస్వామి ఉన్నాడు. ఆయన బేరానికి కుదిరాడు.

పూజారి సోమయాజులు గారిని పిలిచి, ప్రతిష్ఠ టూకీగా కానిచ్చెయ్యమన్నాడు గవరయ్య. ఆయన ముసలాయన, కర్మకాండలో ఒక్క అక్షరం వదిలే రకం కాదు. "టూకీ ప్రతిష్ఠ ఏమిటి నాయనా? సగం ముడితో తాళి కడతారా ఎక్కడైనా?" అని, పెట్టిన ముహూర్తానికి శాస్త్రం ప్రకారం మొత్తం జరిపించి, స్వామికి ప్రాణం పోసి మరీ లేచారు. గవరయ్య గుమ్మానికి 'శ్రీ అభయాంజనేయస్వామి ఆలయం' అని బోర్డు తగిలించాడు. మేడ నెత్తిన చువ్వల్లో ఒకదానికి కాషాయ జెండా కట్టాడు. ఇన్నేళ్ళకు ఆ చువ్వలు ఒక పనికొచ్చాయి.

సులోచన మేరీ మళ్ళీ వచ్చింది. చెప్పులు బయట విడిచి, స్వామిని చూసింది, జెండాను చూసింది, పెట్టిన వడపప్పు తీసుకుంది. అప్పటికే వరండా ముందు వీధి వీధంతా పోగయింది. వాళ్ళందరికీ ముందు పూలమ్మే అప్పలనరసమ్మ, బుట్ట నడుముకు ఆనించుకుని నిలబడింది. సీతంపాలెంలో ఏది జరిగినా ఆవిడ ముందు వరసలోనే ఉంటుంది.

"కింద హాలు ఒక్కటే గుడా, మేడంతా గుడా?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

హాలు ఒక్కటే అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆశకు అర చాలదు కదా.

"స్వామివారికి హాలేం సరిపోతుందమ్మా? పునాది నుంచి ఆ జెండా దాకా అంతా ఆయనదే."

"మరి మీరో?"

"నేనెవర్ని? గుమ్మంలో కాపలా కుక్కని."

గుడంటే అందరిదీ కావాలనీ, ఎవరు ఎప్పుడొచ్చినా తలుపు తీసి ఉండాలనీ ఆవిడ చెప్పింది. తలుపు తెరిచి ఉంచుతుంది కాబట్టే గుడికి ఊరు పన్ను వదిలేస్తుందంది. గవరయ్య అన్నిటికీ తలూపాడు. అప్పుడావిడ, ఆ మాట తనకు వినబడితే చాలదనీ ఊరికి వినబడేలా చెప్పమనీ అడిగింది.

ఊరికి వినబడేలా అరవడం గవరయ్యకు వెన్నతో పెట్టిన విద్య. మండీలో బెల్లం వేలంపాట పాడేది అతనే. మండీలో ఒక కట్టుబాటు ఉంది. పాట ఒకసారి నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు. నష్టమొచ్చినా సరే, పాడినవాడు దిమ్మ ఎత్తాల్సిందే. గవరయ్య పిసినిగొట్టే కావచ్చు, కానీ జన్మలో ఒక్క పాట వెనక్కి తీసుకున్నవాడు కాదు. అతని పరువంతా ఆ ఒక్క దానిమీదే నిలబడింది. ఇప్పుడు వరండా అంచుకు వచ్చి, అదే గొంతుతో, ఈ మేడ పునాది నుంచి జెండా దాకా స్వామివారిదనీ, ఊళ్ళో ఎవరైనా ఏ వేళకైనా రావచ్చనీ పాడేశాడు.

సులోచన మేరీ పన్ను రద్దు చేసింది. గవరయ్య ఆ మధ్యాహ్నం ఊయలబల్లమీద నవ్వుకుంటూ నిద్రపోయాడు.

మర్నాడు తెల్లారకముందే ఎవరో తలుపు కొట్టారు.

"సావుకారు బాబూ, సామి లెగిశాడా?" అప్పలనరసమ్మ గొంతు.

స్వామి లేవలేదు, గవరయ్య లేచాడు. తలుపు తీసేసరికి ఆవిడ వెనక వీధిలోని ఆడవాళ్ళందరూ బిందెలతో, చీపుళ్ళతో ఉన్నారు. హాలు కడిగారు, ముగ్గు పెట్టారు, గంట తెచ్చి వేలాడదీశారు. ఆ గంటను బడికెళ్ళే పిల్లలందరూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి కొట్టిపోయేవాళ్ళు. పరీక్షల రోజుల్లో వదలకుండా కొట్టేవాళ్ళు. కొబ్బరి పీచు పోయి కాలువలో పడేది, కాలువ నిండేది. గవరయ్య అలవాటు ప్రకారం మునిసిపాలిటీని తిట్టబోయి, ఆ పీచు తన గుమ్మంలోదేనని గుర్తొచ్చి నోరు మూసుకునేవాడు.

తరవాత ఆదివారం వచ్చింది. వెనక వంటింట్లో కోడి ఉడుకుతుంటే ఆ వాసన నేరుగా స్వామి దగ్గరికి వెళ్ళింది, అక్కడి నుంచి భక్తుల దగ్గరికి. అప్పలనరసమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి గరిటెను చూసింది, గిన్నెను చూసింది, చెంపలేసుకుంది. గవరయ్య ఆ చూపుకు తట్టుకోలేక గిన్నెను గోడమీంచి పక్కింటికి అందించాడు. ఆ పక్కింటివాళ్ళు కోడిని తింటూ స్వామిని మనసారా పొగిడారు. "అమ్మవారైతే ఈపాటికి ఒక తొడ ముక్క మనకూ ఉండేది," అంది నూకరత్నం.

కోడి పోతే పోయింది, ఊయలబల్ల ఉంది కదా అని సరిపెట్టుకున్నాడు.

మంగళవారం ఆకుపూజ పెట్టుకున్నారు. హాలు నిండా జనం. సోమయాజులు గారు ఒక్కొక్క తమలపాకు స్వామి పాదాల దగ్గర పెడుతూ నామం చదువుతున్నారు. ఆయన నమః అనగానే పైనుంచి కిర్రుమంది. మళ్ళీ నమః అన్నారు. మళ్ళీ కిర్రు. కాసేపు భక్తులు అది స్వామి మహిమే అనుకున్నారు. ఒకావిడకు ఒళ్ళు కూడా పులకరించింది. అప్పలనరసమ్మ మాత్రం పైకప్పు వంక చూసి, లేచి, కొంగు బిగించి మెట్లెక్కింది. ఆవిడ వెనక కొందరు ఎక్కారు.

పైన గవరయ్య లుంగీ కట్టుకుని, అప్పడాల భోజనం మత్తులో కళ్ళు మూసుకుని, కాలితో నేలను తన్నుతూ ఊగుతున్నాడు.

"మేడంతా సామిదేనని నువ్వే గదా అరిశావు," అంది అప్పలనరసమ్మ. "సామి నెత్తిమీద కాళ్ళెట్టి ఊగతన్నావేటి సావుకారు బాబూ?"

గవరయ్య గబుక్కున దిగబోయాడు. దిగితే కాళ్ళు మళ్ళీ స్వామి నెత్తిమీదే పడతాయని ఎవరో అన్నారు. బల్లమీదే ఉంటే ఆయన నెత్తిమీద కూర్చున్నట్టని ఇంకెవరో అన్నారు. అటూ ఇటూ కాక అతను గొలుసు పట్టుకుని వేలాడుతుంటే సోమయాజులు గారు ఆయాసపడుతూ వచ్చి తీర్పు చెప్పారు. గర్భగుడి పైన మనిషి అడుగు పడకూడదు. ఇంతవరకు పడింది తెలియక. ఇకమీద పడితే తెలిసే. తెలిసి చేస్తే శాస్త్రం ఒప్పుకోదు.

గదికి తాళం వేశారు. తాళంచెవి తెచ్చి స్వామి గదకు తగిలించారు. అంతకంటే భద్రమైన చోటు ఊళ్ళో లేదు.

హాలు స్వామిది, పైగది స్వామి శిరస్సుది, వంటిల్లు నైవేద్యాలది. గవరయ్య, నూకరత్నం పెరట్లో బెల్లం కొట్టులోకి మారారు. పైన రేకులు, పక్కన దిమ్మలు, కింద చీమలు. గాలి అన్నదానికి ఆ కొట్టుకు దారే తెలియదు. భోంచేసి నడుం వాల్చితే ఊగడానికి ఏమీ లేదు. అతనికి అరగడం మానేసింది.

అది చాలదన్నట్టు సులోచన మేరీ వచ్చింది. కొట్టులో మంచాలు చూసి, ఇక్కడెవరు ఉంటున్నారని అడిగింది.

"మేమే, ఇంకెవరు?"

"అయితే ఇది ఇల్లే కదా. పన్ను పడుతుంది."

"ఇల్లు కాదమ్మా, బెల్లం కొట్టు."

"కొట్టయితే వ్యాపారం. పన్ను ఇంకా ఎక్కువ."

గవరయ్య మంచంమీద కూలబడ్డాడు. అమ్మా, అది గుడి కాదు, నా ఇల్లు, నా ఇల్లు నాకిచ్చెయ్యమని బతిమాలాడు. ఇల్లు తీసుకున్నది తాను కాదంది ఆవిడ. ఊరికి వినబడేలా ఇచ్చిన మాట, ఊరికి వినబడేలానే వెనక్కి తీసుకోమంది.

అక్కడే పడింది పీటముడి. ఇంతకాలం పాట వెనక్కి తీసుకోనివాడు, ఇప్పుడు స్వామి ఎదుట, వీధి ఎదుట తీసుకోవాలా? ఇక మండీలో అతని గొంతును ఎవరు నమ్ముతారు? నమ్మని గొంతుతో బెల్లం ఎలా అమ్ముతాడు? పాట నిలబెట్టుకుంటే ఇల్లు పోతుంది. ఇల్లు నిలబెట్టుకుంటే పాట పోతుంది. చీమలు దులుపుకుంటూ ఇదే ఆలోచన. ఎంతకీ తెగలేదు.

చివరికి నూకరత్నమే తెగ్గొట్టింది. "మీరు మాట తప్పుతానని భయపడుతున్నారు. ఆ మాట పుట్టినప్పుడే తప్పు. సరుకు పుచ్చని తెలిశాక కూడా పాట పాటే అనేవాడిది పరువంటారా?" అంది. ఆ మాట సూటిగా మండీ భాషలో తగిలింది. పుచ్చు సరుకైతే పాట చెల్లదన్నది కూడా మండీ కట్టుబాటే. అది అతను ఇన్నాళ్ళూ మర్చిపోయాడు.

మళ్ళీ మంగళవారం హారతి వేళకు గవరయ్య వరండా అంచుకు వచ్చాడు. షావుకారు గారు ఇంకేదో దానం ప్రకటిస్తున్నారనుకుని జనం ముందుకు జరిగారు. ఒకరిద్దరు చప్పట్లకు చేతులు కూడా సిద్ధం చేసుకున్నారు. వేలం గొంతు ఆ రోజు పైకి లేవలేదు.

"స్వామీ, అయ్యలారా, అమ్మలారా. ఈ పాట చెల్లదు. సరుకు పుచ్చు. నాకు భక్తి కలిగి స్వామిని తేలేదు. ఇంటిపన్ను ఎగ్గొడదామని తెచ్చాను."

గంట కింద నిలబడిన ఒక పిల్ల తాడు వదిలేసింది. గవరయ్య తలెత్తి అప్పలనరసమ్మను చూశాడు. ఆవిడ చేమంతులు గుచ్చుతూనే ఉంది.

"ఇప్పుడు సెప్తున్నావేటి సావుకారు బాబూ," అంది తీరిగ్గా. "మాకు జెండా కట్టినప్పుడే తెల్సు. కాకులకి కూడా తెల్సు."

"తెలిసీ ఎందుకొచ్చారు మరి?"

"నువ్వు అబద్ధం గానీ సామి అబద్ధం కాడు గదా. తలుపు తీశానన్నావు, వచ్చాం."

వీధంతా ఒక్కసారి నవ్వింది. సోమయాజులు గారు కూడా ఉత్తరీయం అడ్డుపెట్టుకుని నవ్వారు. నవ్వులో మంట లేదని తెలిసేసరికి గవరయ్యకు కళ్ళు చెమ్మగిల్లాయి. పడిపోతుందనుకున్న పరువు, తను ఊహించినంత ఎత్తులో ఎప్పుడూ లేదని కూడా అర్థమైంది.

పంచాయితీ అక్కడే తెగింది. ప్రాణం పోసిన స్వామిని కదపడానికి వీల్లేదన్నారు సోమయాజులు గారు. అందుకని హాలు స్వామిది, అందరిదీ. దానికి పన్ను లేదు. వంటిల్లూ పెరడూ గవరయ్యవి. వాటికి పన్ను ఉంది. ఇక మిగిలింది పైగది. అది పూజకు వాడరు కాబట్టి దానికీ పన్ను ఉందంది, కబురందుకుని వచ్చిన సులోచన మేరీ.

"కాలు పెట్టకూడని గదికి పన్నేమిటమ్మా?" అన్నాడు గవరయ్య.

"కాలు పెట్టొద్దన్నది స్వామి. పన్ను కట్టమన్నది మునిసిపాలిటీ. రెండూ వేరువేరు ఆఫీసులు," అంది ఆవిడ.

గవరయ్య కట్టాడు. గొణుక్కుంటూనే కట్టాడు, కానీ కట్టాడు. ఆ పైన మనిషిని పెట్టి చువ్వలన్నీ కోయించాడు, జెండా చువ్వ ఒక్కటి తప్ప. ఇల్లు పూర్తయింది; కాకులు వేరే చోటు చూసుకున్నాయి.

ఊయలబల్లకు సోమయాజులు గారే దారి చూపించారు. కొబ్బరికాయ కొట్టి, క్షమాపణ చెప్పుకుని, ఒక్కసారికి పైకి వెళ్ళి దాన్ని దించి వరండాలో వేలాడదీశారు. ఇప్పుడు దానిమీద మంగళవారం వచ్చే ముసలమ్మలు ఊగుతారు, బడి పిల్లలు ఊగుతారు, బుట్ట ఖాళీ అయ్యాక అప్పలనరసమ్మ ఊగుతుంది. భోంచేసి వచ్చిన గవరయ్య తన వంతు కోసం స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంటాడు. గొలుసుకు నూనె తనే కొని వేశాడు. ఆదివారాలు మాత్రం పక్కింటివాళ్ళు కోడి వండి అతన్ని భోజనానికి పిలుస్తారు. గోడమీంచి వచ్చిన గిన్నెకు బదులు తీర్చుకోవద్దూ మరి.

ఈ మధ్య కాలువ మళ్ళీ పూడింది. గవరయ్య మునిసిపాలిటీకి వెళ్ళి ఆఫీసు అదిరేలా అరిచాడు. ఈసారి మనుషులు ఆ మధ్యాహ్నమే పారలు పట్టుకుని వచ్చారు.

దేవుడి పేరు చెప్పి ఊరికి ఇవ్వవలసింది ఎగ్గొట్టాలని చూసేవాడి దగ్గరికి, ఏదో ఒక రోజు దేవుడూ ఊరూ కలిసే వసూలుకు వస్తారు.